అద్దం మూలన ముద్ర

మోపెడ్ మీద పన్నెండడుగుల నిచ్చెన,
ముందుకి నాలుగడుగులు, వెనక్కి ఎనిమిది.
మయూరి జంక్షన్ దగ్గర మలుపు తిప్పితే
సగం విజయనగరం తల వంచాల్సిందే.
అలా నాలుగేళ్ళు.

నగల కొట్టు అద్దాలు, కంటాసుపత్రి అద్దాలు,
రింగురోడ్డు కోచింగ్ సెంటర్ నీలం అద్దాలు,
అన్నీ తుడిచాం పోలిబాబూ నేనూ
అడిగి తెచ్చుకున్న బకెట్ నీళ్ళతో.
వేసవి వస్తే వాచ్‌మన్ బకెట్ ఇవ్వడు.
"మాకే నేవు, మీకేటిస్తాం" అంటాడు.

మన నీళ్ళు మనమే మోసుకెళ్ళాలి. అంటే
ఐదొందల లీటర్ల ట్యాంకు. అంటే అర టన్ను.
అంటే బండి.

చీటీ పాడిన డబ్బు సన్యాసమ్మ
బ్యాంకులోనే వేసింది,
పాస్‌బుక్కు మాత్రం బియ్యం డబ్బాలో.

మొదటి బండి భోగాపురం వైపుది. చవక.
చేపలు మోసింది. ఫినాయిలు పోస్తే
వాసన పోద్దన్నాడు అమ్మేవాడు.
ఖాదర్‌వలి మేస్త్రి కిందికి దూరి
స్క్రూడ్రైవర్‌తో ఛాసిస్‌ని పొడిచాడు.
అప్పడంలా విరిగింది.
"ఉప్పు తిన్న ఇనుము" అని చేతులు దులుపుకున్నాడు.

రెండోది బొబ్బిలిలో. పెళ్ళికొడుకులా ఉంది.
తెల్ల పెయింటు, సీట్ల ప్లాస్టిక్కు ఇంకా తియ్యలేదు.
పోలిబాబు స్టీరింగ్ ముందు కూర్చుని దిగనన్నాడు.
ఇంజిన్ విని మేస్త్రి కూడా తలూపాడు.
నాకు ఇంజిన్లు తెలియవు. అద్దాలు తెలుసు.
ప్రతి బండి అద్దం మూలనా చిన్న ముద్ర ఉంటుంది,
తుడిచేవాడు తప్ప ఎవరూ చూడనిది.
రెండు తలుపులకీ ఒకటే ముద్ర,
ముందద్దానికి వేరే కంపెనీ,
వెనకద్దానికి ముద్రే లేదు.
"ఎక్కడ గుద్దారు?" అన్నాను.
అమ్మేవాడు ఫోన్ వచ్చినట్టు పక్కకెళ్ళాడు.
ఫోన్ మోగలేదు.

మూడోది మా ఊళ్ళోనే, గంటస్తంభం వెనక సందులో.
పదకొండేళ్ళది. పాచి రంగు.
టిఫిన్ కొట్లకి దోసెల పిండి వేసే రవణమ్మ గారిది.
ఆవిడ ఏదీ దాచలేదు:
హారన్ పలకదు, ఎడమ తలుపు లోపల్నించే తెరుచుకుంటుంది,
వాన పడితే డ్రైవర్ మోకాలు తడుస్తుంది.
ముందద్దం మీద బొటనవేలు రాసి చూశాను.
ఎండు దుమ్ము మీద వైపర్ ఆడించేవాళ్ళ బళ్ళకి
నెలవంకలా గీత పడిపోతుంది.
అద్దానికి నీళ్ళు చల్లే ఓపిక లేనివాడు
ఇంజిన్‌కి నూనె పోస్తాడా?
గీత లేదు. ఒక్కటీ లేదు.
"మీరే తుడిచేవారా?"
"తెల్లారగట్ల మూడింటికి బయల్దేరాలి నాయనా,
రోడ్డు కనపడాలి కదా."

అయినా సన్యాసమ్మ ఒప్పుకోలేదు.
"అద్దం సూసి పిల్లనిస్తారేటి,
బరువెట్టి సూడండి."
డ్రమ్ములు ఎక్కించి, కుళాయి దగ్గర నింపి
రైలు వంతెన మీదికి పోనిచ్చాం.
సగం ఎక్కాక రెండో గేరు మూలిగింది.
బ్రేకు కొడితే నీళ్ళు మా వీపుల దాకా వచ్చి ఆగాయి.
నడిమధ్యన బండి ఆపించి
మళ్ళీ స్టార్ట్ చెయ్యమంది తను.
కింద గూడ్సు పోతోంది, పెట్టె తర్వాత పెట్టె.
పోలిబాబు తాళం తిప్పాడు.
ఒకసారి దగ్గింది.
రెండోసారి కదిలింది.

హారన్ పేరు చెప్పి మూడు వేలు తగ్గించింది సన్యాసమ్మ.
ఆ మూడు వేలతో హారన్ పెట్టించలేదు,
పొడుగు పైపూ, రెండు రబ్బరు బ్లేడ్లూ కొన్నాం.

ఇవాళ తొమ్మిదో రోజు.
బండి లోపల పులిసిన పిండి వాసన ఇంకా వదల్లేదు,
పది గంటలకల్లా ఆకలేస్తుంది.
నిన్న కంటాసుపత్రి వాచ్‌మన్
బకెట్ పట్టుకొచ్చి మాటాడకుండా నిలబడ్డాడు.
నింపాను.
మూడు లాంతర్ల దగ్గర జనం, ఆటోలు, ఒక ఆవు.
పోలిబాబు కిటికీలోంచి తల బయటపెట్టి అరుస్తున్నాడు:
"తప్పుకోండర్రా బాబూ, బేగి!
యెనకాల నీళ్ళున్నాయి!"